ఏ సీస కొనాలె పెద్దమ్మా?



మాది కేతేపల్లి. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే రోడ్డు మీద నకిరేకల్ దాటినాక, సూర్యాపేట ఇంకా రాకముందు తగిలే ఊరు. మా చెల్లె బిడ్డను ఊళ్ళోనే ఇచ్చారు. ఆ పిల్ల సూర్యాపేటలో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తుంది. కాన్పు అయి మూడు నెలలు దాటింది. "వస్తవా, ఇంకొకరిని పెట్టుకోవాల్నా?" అని దుకాణం నుంచి కబురొచ్చింది. మర్నాడు పొద్దున్నే బిడ్డను చంకనేసుకుని మా ఇంటికొచ్చి, ఫోను నా చేతిలో పెట్టింది. ఫోను నిండా పాలసీసలే. గుండ్రటివి, వంకర మెడవి, పట్టుకోవడానికి రెండు చెవులున్నవి, లోపల గొట్టం ఉన్నవి, అచ్చం తల్లి రొమ్ములాగే ఉంటుందని చెప్పుకునే పీక ఉన్నవి.

"ఏ సీస కొనాలె పెద్దమ్మా? పొద్దుగాల బస్సుకు పోతే మల్ల పొద్దుగూకినంకనే వచ్చుడు. నా పాలు తప్ప వీనికి ఇంకోటి తెల్వది. అత్తమ్మేమో డబ్బా పాలు అలవాటు చెయ్యమంటున్నది" అంది.

నేను ఏఎన్‌ఎంగా ముప్పై ఏళ్ళు ఊళ్ళు తిరిగినదాన్ని. సూదులు వేశాను, కాన్పులు చూశాను, తూకాలు రాశాను. ఇంత నిజాయితీగా ఈ ప్రశ్న అడిగిన బాలింతలు తక్కువ. చాలామంది సీస కొనేసినాకే కనబడతారు, అదీ బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాక. అందుకే ఆ పూట ఆ పిల్లతో మాట్లాడిన మాటలే ఇవాళ మీతోనూ చెప్పాలనుకున్నాను.

ముందే ఒకటి చెప్పాలి. నా నోట ఏ కంపెనీ పేరూ రాదు. అది నా గొప్పతనం కాదు, మన దేశంలో చట్టం అలా ఉంది. పసిపిల్లల డబ్బా పాలు, పాలసీసలు, పిల్లల ఆహారాల అమ్మకాలకు హద్దులు పెడుతూ 1992లో ఒక చట్టం చేశారు. 1993 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2003లో సవరించి ఇంకా బిగించారు. దాని ప్రకారం పాలసీసకు ప్రకటన ఇవ్వకూడదు, పేపర్లో గానీ టీవీలో గానీ రేడియోలో గానీ. ఒకటి కొంటే ఒకటి ఉచితం అనకూడదు. ఆసుపత్రి గోడకు దాని బొమ్మ అంటించకూడదు. తప్పితే మూడేళ్ళ దాకా జైలు, లేదా ఐదు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. బీడీకి, సారాకి ప్రకటనలు ఉండవని అందరికీ తెలుసు. పాలసీసకూ ఉండకూడదని ఎంతమందికి తెలుసు? నేను చెబితే మా చెల్లె బిడ్డ నమ్మలేదు. "మరి ఫోన్ల గిన్ని కనబడుతున్నయి గదా" అంది. కనబడుతున్నాయి. చట్టం ఉన్నంత మాత్రాన కనబడకుండా పోతాయా?

అదే చట్టంలో ఇంకో సంగతి ఉంది. పసిపిల్లకు పాలు పట్టడం గురించి ఎవరు ఏ సమాచారం ఇచ్చినా, తల్లిపాల మేలు, సీస మరిగితే తల్లిపాలకు వచ్చే చేటు, ఒకసారి మాన్పించాక మళ్ళీ రొమ్ముకు తిప్పుకోవడంలో ఉండే కష్టం, దానికయ్యే ఖర్చు కూడా అందులో చెప్పి తీరాలి. నేను చెప్పబోయేదీ అవే. చట్టం అడగకపోయినా చెప్పేదాన్ని.

ప్రపంచం ఈ జాగ్రత్తకు ఊరికే రాలేదు. రబ్బరు పీకకు న్యూయార్క్‌లో 1845లోనే పేటెంటు తీసుకున్నారు. ఆ తర్వాత ఇంగ్లండులో పొడుగాటి రబ్బరు గొట్టం ఉన్న సీసలు వచ్చాయి. బిడ్డ పక్కన పెట్టేసి పోతే బిడ్డే పీల్చుకుని తాగేది. తల్లులకు అదెంత హాయి! కానీ ఆ గొట్టాన్ని లోపల కడగడం ఎవరి తరమూ కాలేదు. ఎంతమంది పసివాళ్ళు పోయారో గానీ, చివరికి వాటికి హంతక సీసలని పేరు పడింది. ఫ్రాన్సు 1910లో వాటిని నిషేధించింది. 1939లో సింగపూర్‌లో సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ రోటరీ క్లబ్బు పెద్దల ముందు నిలబడి, తల్లిపాలు మాన్పించి డబ్బా పాలు అంటగట్టడం హత్యతో సమానమని కుండబద్దలు కొట్టింది. ఆ తర్వాత నలభై రెండేళ్ళకు, 1981 మే నెలలో, జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సభ ఈ అమ్మకాలకు ఒక నియమావళిని ఓటుకు పెట్టింది. అనుకూలంగా 118 ఓట్లు పడ్డాయి. వద్దన్నది ఒకే ఒక్క దేశం, అమెరికా. ఆ సభలో ఇందిరా గాంధీ ప్రసంగించింది. మన చట్టం ఆ నియమావళి నుంచి పుట్టిందే.

సరే, ఇక మన నల్లగొండ జిల్లాకు వద్దాం. ఇక్కడ సీస కన్నా ముందు నీళ్ళ గురించి మాట్లాడాలి.

డబ్బా పాలంటే పొడి. పొడిలో నీళ్ళు కలపాలి. ఆ నీళ్ళు ఎక్కడివి? ఈ జిల్లాలో పుట్టి పెరిగినవాళ్ళకు ఫ్లోరైడ్ గురించి పాఠం చెప్పనక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు వంగిపోయిన నడుములు, వంకర్లు తిరిగిన కాళ్ళు, గారపట్టిన పళ్ళు మనమంతా చూసినవే. నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపే పద్ధతిని నాగపూర్ శాస్త్రవేత్తలు కనిపెట్టి, దానికి మన జిల్లా పేరే పెట్టారు. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ పద్ధతి అంటుంది. ఏ జిల్లా పేరైనా మామిడిపండుకో చీరకో పెడతారు, మన పేరు నీళ్ళ రోగం మందుకు పెట్టారు.

ఇప్పుడు అసలు విషయం వినండి. ఆ రోగం తల్లిపాలను దాటలేదు. తల్లి తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్నా ఆమె పాలలోకి దిగేది అతి తక్కువ. తల్లి ఒళ్ళు బిడ్డకు అడ్డంగా నిలబడి వడపోస్తుంది. అదే బోరు నీళ్ళతో పొడి కలిపి సీసలో పడితే ఆ నీళ్ళలో ఎంత ఉంటే అంతా బిడ్డ కడుపులోకే. "కాగబెట్టి కలుపుతున్నం గదా" అంటారు. కాగబెడితే పురుగు చస్తుంది, ఫ్లోరైడ్ చావదు. నీళ్ళు ఆవిరైన కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. ఈ ఒక్క ముక్క నేను ముప్పై ఏళ్ళు చెప్పుకుంటూ తిరిగాను. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాల్లో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి, కాదనను. కానీ నల్లా రాని రోజు బిందె ఎక్కడికి పోతుంది? బోరు దగ్గరికే కదా. మా మండలానికి మూసీ కాలువలు కూడా ఉన్నాయి. హైదరాబాద్ కడిగి పారబోసినదంతా మోసుకొచ్చే మూసీ అది. పొలానికి సరే. పసిగుడ్డు దగ్గర మాత్రం నీళ్ళను నమ్మే రోజు మనకింకా రాలేదు.

అందుకే మా చెల్లె బిడ్డతో ముందు అన్నది ఇదే: "సీస ఏదైనా కొను. దాంట్ల నీ పాలే పొయ్యి." అత్తమ్మ చెప్పిన డబ్బా పాల మాట అక్కడితో తెగింది. తెగకపోతే డబ్బులైనా తెంపేవి. పొడిపాల డబ్బా వారం తిరక్కముందే అడుగంటుతుంది. దుకాణంలో ఆమె జీతం ఎంతో ఆమెకు తెలుసు. పొడిని పలచగా కలిపితే డబ్బా ఎక్కువ రోజులు వస్తుంది, బిడ్డ మాత్రం ఎండిపోతుంది. నేను తూకం వేసిన పిల్లల్లో చిక్కిపోయిన వాళ్ళ ఇళ్ళల్లో ఆ పలచటి పాలే చూశాను.

అసలు డబ్బా పాలు ఎక్కడ మొదలవుతాయో కూడా చెప్పాలి. ఎక్కువసార్లు ఇంట్లో కాదు, కాన్పు గదిలోనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60 కాన్పులకు పైగా ఆపరేషన్లే. పుట్టిన గంటలోపు రొమ్ము అందుకున్న పిల్లలు నూటికి 37 మందే. తల్లి మత్తులో ఉంది, కుట్లు నొప్పి, బిడ్డ ఏడుస్తోంది, చేతికందే దూరంలో డబ్బా ఉంది. మా చెల్లె బిడ్డకూ అదే జరిగింది. ఏ ఆసుపత్రో నేను చెప్పను. రెండో రోజు నేను పోయేసరికి బిడ్డ నోట్లో సీస ఉంది. ముర్రుపాలు చెంచాడే వస్తాయి, బిడ్డకు ఆ చెంచాడే చాలు, ఆ రోజు దాని కడుపు అంతే ఉంటుంది. ఈ మాట చెప్పడానికి అక్కడ ఎవరికీ తీరిక లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, కుట్లకు తగలకుండా బిడ్డను చంక కింద ఆనించి పట్టించేసరికి నాకు రెండు పూటలు పట్టింది. ఆ రెండు పూటలు కూర్చునే మనిషి లేని బాలింతలు ఎందరో.

ఇక సీస. దానికన్నా ముందు ఉగ్గుగిన్నె.

మీ ఇంట్లో అటక మీద వెతకండి. అరచేతిలో పట్టేంత చిన్న గిన్నె, ఒక పక్క పక్షి ముక్కులా సాగి ఉంటుంది. వెండిదైనా ఇత్తడిదైనా. "ఉగ్గుపాలతో నేర్చింది" అని మనం మాటల్లో ఇప్పటికీ వాడుకుంటున్నాం, గిన్నెనే పక్కన పడేశాం. తమిళులు దాన్నే పాలాడై అంటారు. వింత చూడండి, నెలలు నిండకముందు పుట్టి రొమ్ము పీల్చే శక్తి లేని పిల్లలకు పట్టణాల్లో పెద్ద పెద్ద ఆసుపత్రుల వాళ్ళు ఇప్పుడు ఈ గిన్నెతోనే పాలు పడుతున్నారు. సీస వద్దు, కప్పుతో పట్టండని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎన్నాళ్ళ నుంచో చెబుతోంది. కారణం పెద్దదేం కాదు. గిన్నెకు మూలలుండవు. పీక లేదు, మర లేదు, గొట్టం లేదు. సబ్బు పెట్టి తోమి, మరిగే నీళ్ళలో వేస్తే అయిపోతుంది. ఎక్కడ పాలు ఇరుక్కున్నాయో కంటికి కనబడుతుంది.

అయితే పాత పద్ధతంతా మంచిదని నేననను. మా అవ్వలు బిడ్డను కాళ్ళ మీద వెల్లకిలా పండబెట్టి, బుగ్గలు నొక్కి గొంతులోకి ఒంపేవాళ్ళు. ఆముదం, వస, ఏవేవో వేర్లు అరగదీసి పోసేవాళ్ళు. ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే ఏమవుతుందో నేను చూశాను. గిన్నె మంచిది, ఆ చెయ్యి మంచిది కాదు. బిడ్డను ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకోండి, తల వెనక మీ చెయ్యి ఉండాలి. గిన్నె ముక్కు కింది పెదవి మీద, నోటి మూల దగ్గర ఆనించండి. కొంచెమే వంచండి, పాలు పెదవికి తగిలితే చాలు. బిడ్డే నాలుకతో లాగేసుకుంటుంది. మింగిందా లేదా చూసి మళ్ళీ వంచండి. మొదటి రెండు మూడు రోజులు సగం పాలు గౌనుకే తాగిస్తారు. ఆ తర్వాత చూడండి, బిడ్డే గిన్నెను చూసి నోరు తెరుస్తుంది. ఇత్తడి గిన్నె వద్దు, పాలు పడితే చిలుము పడుతుంది. వెండిదో స్టీలుదో వాడండి. అదీ లేకపోతే చిన్న స్టీలు గ్లాసు, చెంచా చాలు. గిన్నె ముక్కు అంచు కోసుకుంటుందేమో వేలితో రాసి చూసుకోండి. మా చెల్లె దగ్గర దొరికిన గిన్నెకు అంచు వంగి, గరుకుగా ఉంది. కంసాలి దగ్గర గీయించుకొచ్చాం.

ఇంత చెప్పినాక కూడా ఆ పిల్ల, "పెద్దమ్మా, అత్తమ్మకు చేతులు వణుకుతయి. గిన్నెతోని పట్టలేనంటున్నది. నాకు సీస గావాలె" అంది. అవును మరి. ఆరోగ్యశాఖ పుస్తకంలో రాసిన ఇల్లు వేరు, కేతేపల్లిలో ఉన్న ఇల్లు వేరు. వణికే చేతితో ఒంపిన గిన్నె కన్నా, ఒళ్ళో కూర్చోబెట్టి నిదానంగా పట్టిన శుభ్రమైన సీస నయమే. కాబట్టి సీస గురించి మాట్లాడదాం.

ఐఎస్‌ఐ గుర్తు ఉందా చూడండి. ఆ గుర్తు లేని పాలసీస అమ్మడమే నేరం. సంతలో గుట్టగా పోసి అమ్మేవాటికి అది ఉండదు. ప్లాస్టిక్‌లో పాలీకార్బొనేట్ అనే గాజులాంటి గట్టి రకం ఒకటుండేది. దాన్నుంచి బిస్ఫినాల్ ఏ అనే రసాయనం వేడి పాలలోకి దిగుతుందని కెనడా, ఐరోపా దేశాలు దాన్ని పిల్లల సీసల్లో ఆపేశాయి. మన భారతీయ ప్రమాణాల సంస్థ 2015 ప్రమాణాల్లో దాన్ని కాదంది. గాజుది దొరికితే ఇంకా మంచిది, గీతలు పడదు, వాసన పట్టదు. కిందపడితే పగులుతుంది, అదొక్కటే దాని తప్పు.

మెడ వెడల్పుగా ఉండాలి. మీ మూడు వేళ్ళు, బ్రష్షు లోపలికి పోయి అడుగు దాకా తిరగాలి. లోపల గొట్టాలు, కవాటాలు, గాలి బిళ్ళలు ఉన్నవి కడుపునొప్పి రానివ్వవని రాసి ఉంటుంది. విప్పి చూస్తే ఆరు ముక్కలు. ఆరు ముక్కలూ రోజుకు నాలుగుసార్లు కడిగి మరిగించే ఓపిక ఎవరికుంది? ఒక ముక్క సందులో పాల జిడ్డు నిలిచినా ఆ కడుపునొప్పి అక్కడి నుంచే వస్తుంది. నాకు నచ్చేది మూడే ముక్కలున్న సీస: సీస, మర, పీక. ఒంపుల సీస, బొమ్మల సీస వద్దు. బొమ్మ బయటుంటుంది, మురికి ఒంపులో ఉంటుంది. చెంచా తగిలించిన పిచికారీ సీసలు కూడా వస్తున్నాయి, వాటి మెడలోకి కన్ను కూడా పోదు.

పరిమాణం 125 మిల్లీలీటర్లది చాలు. 250ది కొంటే పెద్దవాళ్ళ చెయ్యి ఆగదు, నిండా పోస్తారు, నింపిందంతా తాగించాలనుకుంటారు. ఆరు నెలల లోపు తల్లిపాల బిడ్డ రోజంతా కలిపి తాగేది సుమారు 750 మిల్లీలీటర్లు. అందులో తల్లి ఇంట్లో లేనప్పుడు ఒక పూటకు అరవై నుంచి నూటఇరవై లోపే. డబ్బా పాలు నెల నెలా పెరిగినట్టు తల్లిపాలు పెరగవు. మూడో నెల బిడ్డ, ఐదో నెల బిడ్డ దాదాపు అంతే తాగుతారు.

అన్నిటికన్నా ముఖ్యం పీక. సన్న బొక్కది, పాలు నెమ్మదిగా వచ్చేది తీసుకోండి. సీసను బోర్లిస్తే ఒక్కో చుక్క రాలాలి, ధార కట్టకూడదు. రొమ్ము దగ్గర బిడ్డ పని చెయ్యాలి. నోరు పెద్దగా తెరిచి, చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ నల్లటి భాగం కూడా నోట్లోకి తీసుకుని, దవడతో నొక్కి, నాలుకతో పిండుకోవాలి. పెద్ద బొక్క పీకలో ఆ కష్టమేం ఉండదు, పెదాలు ఆనిస్తే పాలు నోట్లో పడతాయి. సుఖం మరిగిన బిడ్డ సాయంత్రం రొమ్ము దగ్గరికి వచ్చి చిరాకు పడుతుంది. తల్లి "నా పాలు సరిపోతలేవు" అనుకుంటుంది. సీస ఇంకోటి పెరుగుతుంది. పీల్చేవాడు లేక పాలు తగ్గుతాయి. పీక వల్ల బిడ్డలందరూ గందరగోళపడరు, కొందరు రెండూ తాగేస్తారు. కానీ మీ బిడ్డ ఏ రకమో ముందే తెలియదు కదా. అందుకే పుట్టిన మొదటి నాలుగు వారాలు, రొమ్ము బాగా పట్టుకోవడం వచ్చేదాకా, సీస జోలికి పోవద్దంటాను. ఇక ఫోనులో చూసిన, అచ్చం రొమ్ములా ఉంటుందన్న పీక సంగతి. తల్లి చనుమొన బిడ్డ నోట్లో రెండింతలు సాగుతుంది. ఏ రబ్బరూ అలా సాగదు. ఆ మాటకు ఎక్కువ డబ్బులు పెట్టకండి.

కొనడం ఒక వంతు, పట్టడం రెండు వంతులు. బిడ్డను పండబెట్టి సీస నోట్లో గుచ్చి దిండు ఆనించి పోవద్దు. పాలు గొంతుకు అడ్డం పడతాయి, చెవిలోకి పోయి చీము పడుతుంది. కూర్చోబెట్టుకుని, సీసను దాదాపు అడ్డంగా పట్టుకుని, పది గుటకలకోసారి కిందికి దించి ఆగండి. మొదట్లో తల్లి పట్టవద్దు. అమ్మ వాసన తగులుతుంటే బిడ్డ సీసను ఎందుకు ముడుతుంది? నాయనమ్మో తాతో పట్టాలి. అదీ బిడ్డ ఆకలితో గొంతు చించుకోకముందే.

కడగడం గురించి గట్టిగానే చెప్తాను. తాగిన వెంటనే చన్నీళ్ళతో తొలచాలి, తర్వాత సబ్బు, బ్రష్షు. పీకను తిరగేసి లోపల ఉప్పుతోనో సబ్బుతోనో రుద్దాలి. ఆ తర్వాత అన్ని ముక్కలూ మునిగేలా నీళ్ళు పోసి, మరగడం మొదలైనాక పది నిమిషాలు ఉంచాలి. తువ్వాలతో తుడవద్దు, మూత పెట్టి ఆరనివ్వాలి. పీక జిగటగా అయినా, పగులు కనబడినా, ఉబ్బినా పారేయండి. ఇంత పని ప్రతిసారీ చెయ్యలేం అనిపిస్తే, దయచేసి ఉగ్గుగిన్నెకు తిరిగి రండి.

ఇప్పుడు సీసలో పోసేది. పాలు పిండుకోవడానికి యంత్రం కొనాలని లేదు, చెయ్యి చాలు. చేతులు కడుక్కుని, బొటనవేలు చనుమొనకు పైన నల్లభాగం అంచున, చూపుడువేలు కింద పెట్టి, ముందు ఛాతీ వైపు వెనక్కి నొక్కి, తర్వాత వేళ్ళు దగ్గరికి తేవాలి. జారుస్తూ లాగవద్దు, తోలు లేస్తుంది. రెండు వైపులా మార్చి మార్చి చేస్తే ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. మొదటి రోజు గిన్నె అడుగు తడుస్తుంది, అంతే. భయపడవద్దు, వారంలో గిన్నె నిండుతుంది. మూతున్న స్టీలు గిన్నెలో దాచాలి. పుస్తకాల్లో నాలుగు గంటలు బయట ఉండొచ్చని రాస్తారు, అది 25 డిగ్రీల చల్లటి గది లెక్క. మన నల్లగొండ ఎండాకాలం గదికి ఆ లెక్క చెల్లదు. వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, తలుపు దగ్గర కాదు, లోపలి వైపు, ఒక రోజులోపు వాడండి. ఫ్రిజ్ లేకపోతే పిండిన పాలు పిండిన పూటే తాగించాలి. పైన మీగడ తేలితే విరిగాయని పారబోయకండి, మెల్లగా కదిపితే కలుస్తాయి. వేడి నీళ్ళ గిన్నెలో సీస పెట్టి గోరువెచ్చ చెయ్యండి. పొయ్యి మీద కాచవద్దు. బిడ్డ తాగి వదిలేసిన ఎంగిలి పాలు మళ్ళీ దాచవద్దు.

ఇంకో మాట, ఎండాకాలమని అందరూ చేసే పని. సీసలో నీళ్ళు, చక్కెర నీళ్ళు, గ్రైప్ వాటర్ పోస్తారు. తల్లిపాలలో నూటికి 87 వంతులు నీళ్ళే. ఆరు నెలలు నిండేదాకా మే నెలలో కూడా బిడ్డకు విడిగా నీళ్ళు అక్కర్లేదు. దాహం తల్లిది, ఆమె చేతికి చెంబెడు నీళ్ళివ్వండి. తేనె ఏడాది దాకా నాలుకకు రాయవద్దు. "నాలుగో నెల నుంచే జావ పెట్టమన్నరు మాకాలంల" అని అత్తమ్మలంటారు. నిజమే, మాకూ అప్పట్లో నాలుగు నుంచి ఆరు నెలలనే నేర్పారు. 2001లో ప్రపంచ ఆరోగ్య సభ ఆరు నెలలు తల్లిపాలే అని స్థిరం చేసింది. ఏడో నెలలో అంగన్‌వాడీలో బాలామృతం ఇస్తారు. అది గిన్నెలో కలిపి చెంచాతో పెట్టేది, సీసలో పలచగా కలిపి పోసేది కాదు.

ఇదంతా చెప్పి ఊరుకుంటే తప్పంతా ఆ పిల్ల మీద వేసినట్టే. అసలు ఆమెకు సీస ఎందుకు కావలసి వచ్చింది? 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. 50 మంది ఉన్న చోట పిల్లల గది ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు పోయి చూసి రావచ్చు. చక్కటి చట్టం. కానీ పది మంది లేని దుకాణానికి అది వర్తించదు. మా చెల్లె బిడ్డ దుకాణంలో పనిచేసేది ఏడుగురే. ఉపాధి హామీ పనిలో ఒకచోట చిన్న పిల్లలు ఐదుగురు ఉంటే వాళ్ళను చూసుకోవడానికి కూలీల్లోనే ఒక స్త్రీని పెట్టాలి, ఆమెకూ కూలి ఇవ్వాలి. ఈ సంగతి అడిగినవాళ్ళకే తెలుస్తుంది, అడగండి. నాటుకు, పత్తి ఏరడానికి పోయే తల్లికి ఏ కాగితమూ లేదు. గట్టు మీద చెట్టుకు ఉయ్యాల కట్టుకుని, ఆమె మాత్రం సీస లేకుండానే గడిపేస్తుంది. బిడ్డను వెంట తీసుకుపోగలదు కాబట్టి. బట్టల దుకాణానికి తీసుకుపోలేరు, అద్దాల ముందు ఉయ్యాల కడితే కొనేవాళ్ళకు బాగుండదట.

అందుకే నేనూ, మా చెల్లె, ఆ అత్తమ్మ కలిసి దుకాణం యజమాని దగ్గరికి పోయాం. సీస కొనేముందు ఆ పని చేశాం. మధ్యాహ్నం అరగంట, వెనక గోదాంలో తలుపు వేసుకుని పాలు పిండుకునే వీలు అడిగాం. ఆయన మొదట నవ్వాడు. ఆయన భార్య నవ్వలేదు. "నాకప్పుడు గడ్డలు కట్టి జ్వరమొచ్చింది, యాదికుందా?" అని ఆయన్నే అడిగింది. అరగంట దొరికింది.

ఆ పిల్ల సీస కొన్నది. గాజుది, 125 మిల్లీలీటర్లది, మూడు ముక్కలది. పొద్దున, సాయంత్రం, రాత్రి రొమ్ము; పగలు రెండుసార్లు సీస. రెండు నెలల పైన నడిచింది. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా మరిగే నీళ్ళలో పెట్టడంతో ఒకరోజు పగిలింది. అప్పటికి వాడికి ఏడో నెల పడింది. స్టీలు గ్లాసుతో తాగుతున్నాడు. మళ్ళీ సీస కొనలేదు.